తమ్ముడికి రాయని ఉత్తరం

1996 ఆగస్టు 9, శుక్రవారం. పొద్దుటినుంచీ ముసురు. డాక్టరుగారి క్లినిక్కులో తడి గొడుగుల వాసనా, స్పిరిట్ వాసనా కలిసిపోయి ఉన్నాయి.

ఆయనకి వైద్యంలో నలభై ఏళ్ల అనుభవం. వీధి చివరి పెద్దాసుపత్రిలో కాలేయ నిపుణుడైన సొంత తమ్ముడంటే అంతకన్నా పాత కడుపుమంట. చిన్నప్పుడు కొత్త సైకిలు తమ్ముడికే కొన్నారట. అదో పెద్ద కథ, వదిలేద్దాం. హెపటైటిస్ రోగులు తమ్ముడికి చూపించుకుంటాం, ఉత్తరం రాసివ్వమంటే, “వచ్చే నెల చూద్దాం” అనేవారు. కొందరికి ఆ వచ్చే నెల రాలేదు.

మధ్యాహ్నం, పోయిన నెల ఉత్తరం అడిగి వెళ్లిన దర్జీ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. కళ్లు పచ్చగా ఉన్నాయి.

“ఉత్తరం రాయండి డాక్టరుగారూ,” అన్నాడు గుసగుసగా.

ఆయన తలెత్తకుండానే, “వచ్చే నెల చూద్దాం,” అన్నారు.

“నాక్కాదండీ... మా ఆవిడకి.”

తలెత్తితే కుర్చీ ఖాళీ.

నర్సు తొంగిచూసింది. “ఎవరితోనండీ మాటలు?”

“దర్జీతో.”

ఆమె ముఖం పాలిపోయింది. “అతను పోయి నాలుగు రోజులైందండీ... వాళ్లావిడ బయట కూర్చుంది. ఆమెకీ కామెర్లే.”

డాక్టరుగారు కలం తీశారు. తమ్ముడి పేరు రాయాలి. కలం మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. దెయ్యానికైనా భయపడొచ్చు గానీ, వాడి పేరెలా రాయడం? కాగితం నలిపి పారేశారు.

“వచ్చే నెల రమ్మను.”

సాయంత్రం ఫోను మోగింది. తమ్ముడు.

“అన్నయ్యా, ఇన్నాళ్లకి ఒక మనిషిని పంపావు. సమయానికి పంపావు, బతుకుతుంది.”

“నేనా? నేనెవర్నీ...”

“ఆమె తెచ్చిన ఉత్తరంలో నీ చేతిరాతేగా! సరే గానీ, ఆమె పేరు కింద రెండో రోగిగా నీ పేరు రాశావేంటి? ఒంట్లో బాగాలేదా?”

డాక్టరుగారు అద్దంలో చూసుకున్నారు. పచ్చగా... రెండు కళ్లూ.

“వెంటనే వచ్చెయ్, అన్నయ్యా!”

వాడి ముందు, వాడి బల్లమీద పడుకోవడమా?

“వచ్చే నెల చూద్దాంలే,” అని ఫోను పెట్టేశారు.

ఇరవయ్యో రోజున పోయారు. వీలునామా తీస్తే ఇల్లు కూతురికి, క్లినిక్కు నర్సుకి. తమ్ముడికి చిల్లిగవ్వ లేదు. చచ్చినా ఆ మంట చల్లారలేదు. చివర ఒక వాక్యం ఉంది: ‘లోపలి గదిలోని కుట్టుమిషను దర్జీ భార్యకి.’

ఆ ఇంట్లో కుట్టుమిషను ఎప్పుడూ లేదు. కూతురు తాళం తీసి చూసింది.

ఉంది. చక్రం ఇంకా తిరుగుతోంది.