ఇల్లరికం అల్లుడి కాపలా

ఆ ఉదయం కూడా ఆవిడ కాఫీ కప్పు పట్టుకుని ముందుగా చూసింది మొగుడి మొహం కాదు, గాజుతొట్టి మొహం. లోపల బోర్లించిన మట్టికుండీకి అతుక్కున్న గుడ్లు వెండిరంగుకు తిరిగాయి. గుడ్డు గుడ్డులోనూ చిన్న కళ్ళు కనిపిస్తున్నాయి. ఇంతకుముందు పెట్టిన గుడ్లేవీ కళ్ళదాకా రాలేదు. ఈసారి పిల్లలు బయటపడి తీరతాయని ఆవిడకు గట్టి నమ్మకం.

తొట్టిలో ఉన్నవి నారింజరంగు మీద తెల్లచారల క్లౌన్ చేపలు రెండు. పెద్దది ఆడది, దాని పేరు దొరసాని. తర్వాత వచ్చి దాని పంచన చేరిన చిన్న మగచేపకు ఇల్లరికం అల్లుడని పేరు పెట్టింది ఆవిడే. దొరసాని గుడ్లు పెట్టేసి షికార్లు కొడుతుంటే, అల్లుడు రెక్కలతో వాటికి నీళ్ళు విసురుతూ కుండీ వదలకుండా కాపలా కాస్తున్నాడు.

"బాగుంది వరస! పెళ్ళాం ఊరేగుతుంటే మొగుడు పిల్లలకు కాపలా!" అన్నారు ఆవిడ భర్త ఫోర్‌మన్‌గారు పేపరు మడుస్తూ. ప్రెస్సులో రిటైరై ఏళ్ళయినా ఆయనకు ఆ పేరూ పోలేదు, పెత్తనమూ పోలేదు. మాట చేప మీద, చూపు మాత్రం కొడుకు మీద.

కొడుకు పట్టించుకోలేదు. పాపను భుజాన వేసుకుని వీపు నిమురుతూ తేన్పు కోసం చూస్తున్నాడు. కోడలు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది, అప్పటికే డ్యూటీకి వెళ్ళిపోయింది. పాపతో ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలన్నప్పుడు "నేనుంటా" అని గుమాస్తా ఉద్యోగం మానేసింది కొడుకే. ఆ రోజు నుంచి ఫోర్‌మన్‌గారికి అన్నం సహించడం లేదు.

"కొత్త కళ్ళజోడు తెచ్చుకుని వస్తా. తొట్టి జోలికి ఎవరూ వెళ్ళకండి," అని చెప్పి ఆవిడ బయల్దేరింది.

తిరిగొచ్చేసరికి కొడుకు తొట్టి ముందు మోకాళ్ళ మీద ఉన్నాడు. ఒక చేతిలో పాప, రెండో చేతిలో కుండీ పక్కకు ఆనించి పట్టుకున్న గాలిగొట్టం. అల్లుడు బల్ల మీద గాజుసీసాలో గిరగిరా తిరుగుతున్నాడు. గుడ్లు ఒకవైపు తెల్లగా పాలిపోయాయి.

ఆవిడ చేతిసంచీ గుమ్మంలోనే పడేసి తొట్టి దగ్గరికి వచ్చింది. "ఎవరు చేశారిది?"

"నేనే!" అన్నారు ఫోర్‌మన్‌గారు, మెడల్ ఇస్తారేమో అన్నట్టు. "నీ అల్లుడు గుడ్లను నోట్లో వేసుకుంటున్నాడు. నేను చూశాను కాబట్టి సరిపోయింది, లేకపోతే వంశమంతా వాడి పొట్టలోకే!"

"అయ్యో రామ! పాడైన గుడ్లు పక్కవాటిని చెడగొట్టకుండా ఏరేస్తున్నాడండీ! వాడు విసరకపోతే మిగతావాటికి గాలెక్కడిది?"

"పాపకు స్నానం చేయించి వచ్చేలోపు నాన్న పని కానిచ్చేశారమ్మా," అన్నాడు కొడుకు. "సీసా ముట్టుకోనివ్వలేదు. గాలైనా తగలనీ అని ఇది పట్టుకుని కూర్చున్నా."

ఆవిడ సీసాను నీళ్ళలోకి వంచింది. దొరసాని వచ్చి ఒక్క కుమ్ము కుమ్మింది. అల్లుడు తప్పించుకుని సరాసరి కుండీ దగ్గరికే పరుగెత్తాడు.

అప్పుడే ఫోన్ మోగింది. ఫోర్‌మన్‌గారికి చెవి మందం కాబట్టి స్పీకర్ పెట్టారు. "మీవాడు రేపు పొద్దున చేరతాడన్నావుగా, మర్చిపోకు," అంది అవతలి గొంతు. ఆయన కంగారుగా ఫోన్ కట్టేశారు.

"ఎక్కడ చేరాలి నేను?" అన్నాడు కొడుకు.

"నా పాత స్నేహితుడి గోడౌన్లో. అడిగితే ఒప్పుకోవని నేనే మాటిచ్చాను. ఎన్నాళ్ళురా పాలసీసాలు కడుగుతావు? నలుగురూ నవ్వుతున్నారు."

"నవ్వనివ్వండి నాన్నా. పాప ఏడిస్తే ఆ నలుగురూ వస్తారా?"

"మగాడివిరా నువ్వు!"

"పాపకు నాన్నని కూడా."

ఫోర్‌మన్‌గారు నోరు తెరిచారు. ఆవిడ ముందుకు వచ్చి నిలబడింది.

"ఒక్క పూటలో ఇద్దరు తండ్రుల్ని పిల్లల దగ్గర్నుంచి లాగేశారండీ మీరు. ఒకణ్ణి సీసాలో పెట్టారు, రెండోవాణ్ణి గోడౌన్లో పెట్టబోయారు. ఒకడు గుడ్లు మింగేస్తాడేమోనని, ఇంకొకడు పరువు తీస్తాడేమోనని మీకు భయం. కానీ వాళ్ళు చేస్తున్న పనేమిటో ఒక్కసారైనా నిలబడి చూశారా?"

ఆయన కుర్చీలో కూలబడ్డారు.

"వీడు పుట్టినప్పుడు నన్నెవరూ ఇంట్లో ఉండమనలేదే. ఉండొచ్చని కూడా నాకు తెలీదు."

ఆవిడ కోపం నీరుగారిపోయింది. వెళ్ళి ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

మర్నాడు పొద్దుగూకగానే తెరలు దించి దీపాలన్నీ ఆర్పేశారు. ఈ చేపల గుడ్లు చీకట్లోనే పగులుతాయి. డ్యూటీ దిగి వచ్చిన కోడలు కూడా చెప్పులు విప్పి నేల మీద చతికిలబడింది. కొంతసేపటికి ఆవిడ టార్చి వేసింది. నలుసంత పిల్లలు వెలుతురు వైపు ఈదుకుంటూ వచ్చాయి. పోయినవి పోగా మిగిలినవే ఎన్నో! ఆవిడ గిన్నెతో మెల్లగా తోడి పక్క తొట్టిలో వదలసాగింది.

మళ్ళీ ఫోన్. "ఏమయ్యా, మీవాడు రాలేదే?"

"వాడికి ఖాళీ లేదయ్యా," అన్నారు ఫోర్‌మన్‌గారు. "ఉద్యోగంలో ఉన్నాడు... ఎక్కడేమిటి? మా ఇంట్లోనే!"

ఫోన్ పక్కన పెట్టి, పాలు తాగి కునుకుతున్న పాప వైపు రెండు చేతులూ చాచారు.

"ఏదీ, ఇలా ఇవ్వరా. ఆ తేన్పు ఎలా తెప్పిస్తావో నాకూ నేర్పు."

కొడుకు పాపను ఆయన భుజాన వేసి, ఆయన చేతిని తన చేత్తో పట్టుకుని చిన్న వీపు మీద ఆనించాడు. ఆవిడ కొత్త కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.