సమ్మెట పట్టినవాడు

కుంపిణీవాళ్ళు కోటలు కూలగొట్టి, ఊళ్ళలో ఈటె అన్నది మిగలకుండా ఏరుకుపోయిన ఏడాది అది. పళనికి పోయే బాటలో ఒక తెలుగు పల్లె. ఆ ఊరి కమ్మరి ఆండియప్ప ఈటెలు చేశాడని, ఊరి పెత్తనం చేసే మణియకారు రంగసామి వేలు పెట్టి మరీ చూపించాడు. కుంపిణీవాళ్ళు ఆండియప్పను గొలుసులతో చింతచెట్టుకు వేలాడదీశారు. ఇనుము పెట్టి కొట్టే దాకలి, సమ్మెట, కొలిమితిత్తి బండికెత్తుకుని పోయారు. ఊరంతా చూసింది. చూసి, ఇళ్ళకు పోయి సంగటి తిన్నది.

ఆ తినడాన్ని ఆండియప్ప పెళ్ళాం అమరావతి మరిచిపోలేదు.

ఇప్పుడు రంగసామి కన్ను కమ్మరి మాన్యం మీద పడింది. కొలిమి లేని ఇంటికి మాన్యమెందుకన్నాడు. ఈ పొద్దు వాలేలోగా కొత్తగా కొట్టిన కత్తి ఒకటి చూపించకపోతే చేను తనదన్నాడు.

ఏమీ లేనివాళ్ళు కొలిమి ఎలా పెడతారు? అమరావతి నేలలో గుంట తీసింది. మేకతోలు కుట్టి తిత్తి చేసింది. బొగ్గుకు కొబ్బరిచిప్పలు కాల్చింది. దాకలికి బదులు కూలిన కోట గడపరాయిని దొర్లించుకొచ్చింది. చిన్న సుత్తి ఒక్కటి మాత్రం ఉంది. అత్త వెంకటమ్మాళ్ వక్కలు కొట్టుకోను దాచుకోబట్టి మిగిలింది.

"ఇనుమెక్కడిదే?" అన్నది అత్త, తిత్తి ఊదుతూ.

"చింతచెట్టుది."

ముసలామె చేతులు ఆగిపోయాయి. "ఆ గొలుసు నా కొడుకు కోసం చేసింది కాదే. వచ్చేటప్పటికే తుప్పు పట్టి ఉండాది. వాడికి ముందు ఎవురెవురు వేలాడినారో..."

"ఎవురైతేనేమి అత్తా. నా మొగుణ్ణి తిన్న ఇనుము నాకు కూడు పెట్టాల. ఊదు."

మిట్టమధ్యాహ్నం. కాగిన ఇనుము రంగు తెలియాలని తడికెలన్నీ మూసేశారు. లోపల చీకటి. మేకతోలు కంపు, కొబ్బరిచిప్పల పొగ. వాటి అడుగున తడి తుప్పులాంటి వాసన ఇంకేదో.

కొలిమి పని ఒక్కరిది కాదు. ఒకరు చిన్న సుత్తితో ఎక్కడ తాకిస్తే, రెండోవాడు అక్కడ సమ్మెటతో మోదాలి. సుత్తివాడు ఉత్త రాతిని టక్కుమనిపిస్తే సమ్మెటవాడు ఆపాలి. మామ పోయాక ఇంట్లో సుత్తి తాకించింది అమరావతే. ఎడమచేతివాటమున్న ఆండియప్ప గోడవైపు నిలబడి సమ్మెట వేసేవాడు. అక్కడ నేల అతని పాదాలకు గుంటలు పడి ఉంది.

ఎర్రటి ఇనుమును రాతి మీద పెట్టి, అలవాటుకొద్దీ సుత్తి తాకించింది.

ధన్.

లేని సమ్మెట దెబ్బకు ఇనుము చదునైంది.

మళ్ళీ తాకించింది. ధన్. నేల అదిరింది.

"అత్తా..."

"నా చేతులు తిత్తి మీదే ఉండాయే."

అమరావతికి భయం వేసింది. దాని వెనకే ఏడుపు, ఏడుపు వెనకే కోపం. "వచ్చినావా," అన్నది గుసగుసగా. "ఇప్పుడా వచ్చేది?"

 సుత్తి తాకినచోటల్లా దెబ్బ పడింది. గొలుసు కత్తిగా సాగింది. నీళ్ళలో ముంచితే చుయ్‌మనలేదు. ఎవరో దాహంగా తాగినట్టు నీళ్ళు తగ్గిపోయాయి...

తడికె తొలగింది. రంగసామి.

"ఏమ్మా, దెబ్బలు వీధిచివరకి వినబడతా ఉండాయి. ముండమోపి ఇంట్లో సమ్మెట వేసే మగోడెవడు?"

అమరావతి కత్తి రాతి మీద పెట్టింది.

"ఇంద, చూడనీ." అరచేయి రాతికి ఆనించి వంగాడు. వేలు పెట్టి చూపించిన చేయి అది.

ఆమె సుత్తి ఎత్తింది. ఆకుకు సున్నం రాసినంత మెత్తగా, ఆ చేతి మీద తాకించింది.

ధన్.

అరుపు ఊరు దాటింది. నలిగిన చేతిని చంకలో ఇరికించుకుని రంగసామి పరుగెత్తాడు.

"కత్తి చూసినావు కదా," అన్నది అమరావతి అతని వెనకనుంచి. "మాన్యం నాదే."

తెరిచిన తడికెలోంచి ఎండ లోపలికి పడింది. వెంకటమ్మాళ్ గోడవైపు చూస్తోంది. కొడుకు పాదాల గుంటల్లో దుమ్ము చెదరలేదు.

"వాడు నిలబడేది ఆ పక్క కదే..."

ఈ పక్క, అమరావతి పక్కనే, బూడిదలో ఎవరివో రెండు పెద్ద పాదాల గుర్తులు. వేళ్ళు ఆమెవైపు తిరిగి ఉన్నాయి.

ఆమె ఉత్త రాతిని టక్కుమనిపించింది. చాలు, ఆపు.

ధన్. రాతి మీద నిప్పురవ్వ లేచింది.

ఇంకోసారి టక్కుమనిపించింది.

ధన్... ఈసారి ఆమె వేళ్ళకు ఇంకాస్త దగ్గరగా.