నాన్న గొంతుకి వారంటీ

ఆమె చేతిలోని టోకెన్ మీద నలభై ఏడు అని ఉంది. గోడ మీది బోర్డు ముప్పై ఒకటి దగ్గర ఆగి పావుగంటగా కదలడం లేదు. ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ వేసి కూర్చున్న ఆ అమ్మాయిని చూసి పక్క కుర్చీలో పెద్దాయన నవ్వుకున్నాడు. చంటిపిల్లని కూడా ఎవరూ అంత భద్రంగా పట్టుకోరు మరి.

ఆమెకి మాత్రం నవ్వు వచ్చే పరిస్థితి లేదు. నిన్ననే ఈ దేశంలో విమానం దిగింది. పొద్దున హోటల్ గదిలో ఆన్ చేస్తే లాప్‌టాప్ ఏడు నిమిషాలు పనిచేసి టప్పున ఆరిపోయింది. తర్వాత ఎంత నొక్కినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. దాన్ని పట్టుకుని ఈ సర్వీస్ సెంటర్‌కి పరుగెత్తుకొచ్చింది.

"నాన్నకి చెప్పకే అక్కా," అంది ఫోన్‌లో గొంతు తగ్గించి.

"చెప్పనులే. నువ్వు ముందు ఏడుపు ఆపు. అక్కడ బాగుచేసేవాళ్ళు ఎలా ఉన్నారు?"

ఆమె కౌంటర్ వైపు చూసింది. నీలం చొక్కా వేసుకున్న ఒక కుర్రాడు సొరుగులు లాగుతున్నాడు, కాగితాలు ఎత్తి చూస్తున్నాడు, బల్ల కిందకి కూడా ఒకసారి వంగాడు.

"ఒకడున్నాడు. కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని దానికోసం బల్లంతా వెతుకుతున్నాడు. ఇతని చేతిలో పెట్టానంటే ఇక అయినట్టే."

నీలం చొక్కా ఆగాడు. మెల్లగా నెత్తి తడుముకున్నాడు. కళ్ళజోడు కిందకి దించి, దాంట్లోంచి సూటిగా ఆమెనే చూశాడు.

"థాంక్సండీ. పది నిమిషాలుగా వెతుకుతున్నాను," అన్నాడు, చక్కటి తెలుగులో.

ఆమెకి భూమి రెండుగా చీలితే బాగుండుననిపించింది. అది చీలలేదు సరికదా, గంట తర్వాత నలభై ఏడో నంబరు సరిగ్గా అతని కౌంటర్‌కే వచ్చింది.

"కూర్చోండి, నలభై ఏడుగారూ," అన్నాడు లాప్‌టాప్ కొన్న బిల్లు తీసుకుంటూ. "వారంటీ ఇంకా పద్నాలుగు నెలలుంది. ఏ దేశంలోనైనా చెల్లుతుంది. లోపలి బోర్డు మార్చేస్తే కొత్తదానిలా అయిపోతుంది."

"లోపల ఉన్నవి?"

"అవి పోతాయండి. ఈ మోడల్లో డిస్కు బోర్డుకే అతికి ఉంటుంది. కాపీ ఎక్కడో ఉంటుంది కదా, దాంట్లోంచి తెచ్చుకోండి."

"లేదు."

"నెట్‌లో?"

"ఎక్కడా లేదు."

అతను కళ్ళజోడు పైకి తోశాడు. "ఈ రోజుల్లో పుట్టినరోజు ఫొటోలకి కూడా మూడు కాపీలు పెట్టుకుంటున్నారండీ. సరే, ఇంకో సంగతి. బిల్లు మీ నాన్నగారి పేరున ఉంది. డేటా పోయినా సరేనని ఆయన మా ఫోన్ లైన్‌లో నోటితో చెప్పాలి. అది రికార్డు అవుతుంది. రాసిస్తే ఒప్పుకోరు."

"ఆయన చెప్పలేరు."

"ఏం, అలిగారా? ఒక్క మాటే కదండీ. నోట్లోంచి ముత్యాలేం రాలిపోవు."

ఆమె లాప్‌టాప్ తీసి గుండెకి హత్తుకుని లేచి వెళ్ళిపోయింది.

బయట వాన. మామూలు వాన కాదు, పైనుంచి ఎవరో బిందెలు బోర్లిస్తున్నట్టు పడుతోంది. తను తడిసినా ఫరవాలేదు గానీ లాప్‌టాప్ తడవకూడదు. అందుకని గుమ్మం ముందున్న రేకు కింద గోడకి అతుక్కుని నిలబడింది. కాసేపటికి నీలం చొక్కా మూసిన గొడుగు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"బిల్లు మర్చిపోయారు. అసలు నేనేమన్నానని..."

"మా నాన్నకి స్వరపేటిక తీసేశారు," అందామె వాన వైపే చూస్తూ. "తొమ్మిది రోజులైంది. ఆయన గొంతు దీంట్లోనే ఉంది. ఇంకెక్కడా లేదు."

గొడుగు చేతిలోనే ఉన్నా తెరవడం మర్చిపోయి అతను రేకు అంచున తడుస్తూ నిలబడ్డాడు.

వాళ్ళ నాన్న కూరగాయల మార్కెట్లో వేలంపాట పాడే మనిషి. ముప్పై ఏళ్ళు "ఒకటోసారి, రెండోసారి, మూడోసారి" అని అరిచి పాట ఖాయం చేసిన గొంతు. ఆయన ఇంట్లో మంచినీళ్ళు అడిగితే పక్కింటావిడ గ్లాసు తెచ్చేదని అక్క ఎగతాళి చేసేది. అలాంటి గొంతులో పుండు లేచింది. మొత్తం తీసెయ్యాలన్నారు డాక్టర్లు.

ఆపరేషన్‌కి మిగిలిన ఐదు వారాల్లో చిన్నకూతురు కిటికీలకి బొంతలు కట్టి, ఆయన ముందు మైకు పెట్టి, ఆరువందల పన్నెండు వాక్యాలు చదివించి రికార్డు చేసింది. ఈ దేశంలో ఒక ల్యాబ్ ఉంది. రికార్డింగులిస్తే వాటినుంచి గొంతు తయారుచేస్తారు. ఆయన ఫోన్‌లో ఏది టైప్ చేస్తే అది ఆయన గొంతుతోనే వినిపిస్తుంది.

నెట్‌లో పంపితే ఒక్క పూటలో అయ్యే పని. కానీ గొంతులు దొంగిలించి చుట్టాలకి ఫోన్లు చేసి మోసం చేస్తున్నారని ఆయన ఎక్కడో విన్నాడు. "నా గొంతుతో ఎవడైనా పిలిస్తే మీ అత్త ఒంటి మీది నగలు కూడా తీసిచ్చేస్తుంది. నెట్‌లో పెట్టకు, ఇంకో కాపీ తియ్యకు, నీ చేత్తోనే ఇవ్వు. నా మీద ఒట్టు," అన్నాడు. పిరికిపిల్ల, ఒట్టు తప్పుతుందా? పదకొండు గంటలు గాల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. ల్యాబ్ వాళ్ళు రేపు పదింటికి రమ్మన్నారు.

అంతా విన్నాక అతను మెల్లగా అన్నాడు. "నా నోటికి తాళం లేదండీ. నేను పుట్టినప్పటినుంచీ మా అమ్మ ఇదే చెప్తోంది. ముత్యాల మాట వెనక్కి తీసుకుంటున్నాను. లోపలికి రండి."

"వచ్చి? చెరిపేస్తారుగా."

"రిపేరుకి మీరు ఒప్పుకోకముందు పరీక్ష చేసే హక్కు నాకుంది. నలభై నిమిషాలు. ఆలోగా మెషీన్ లేస్తే లోపలివి మీరే తీసుకోవచ్చు. నేను వాటిని ముట్టుకోకూడదు, అది రూలు."

వెనక గదిలో పొడుగాటి బల్ల, దాని మీద దీపం. అతను ఒక్కో స్క్రూ విప్పి, టేపు ముక్క మీద వరసగా అతికించి, పక్కన ఏది ఎక్కడిదో రాసుకున్నాడు. కళ్ళజోడు నెత్తి మీద మర్చిపోయే మనిషి ఇతనేనా అని ఆమెకి ఆశ్చర్యమేసింది. బోర్డు మీద వేలు ఆనించి ఒక చోట ఆగాడు.

"ఇదిగో మన దొంగ. ఇది వేడెక్కగానే అంతా పడుకుంటోంది. చల్లగా ఉంచితే కాసేపు లేస్తుందేమో."

ఫ్రిజ్‌లోంచి ఐసు సంచీ తెచ్చాడు. దాన్ని పల్చటి ప్లాస్టిక్‌లో చుట్టి వేళ్ళతో బోర్డు మీద పట్టుకున్నాడు. "చుక్క నీరు లోపల పడిందా, ఇక మనం చేసేదేమీ ఉండదు. అందుకే నేను కదలను. మీరు కానివ్వండి."

స్క్రీన్ వెలిగింది. అతను రెండో చేత్తో కాపీ తీసే డిస్కు ఆమె ముందుకు తోశాడు. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

"ఏమైంది?"

"ఒట్టు. ఇంకో కాపీ తియ్యనని ఆయన మీద ఒట్టేశాను. ఆయన హాస్పిటల్లో పడుకుని ఉన్నారు. ఇప్పుడు నేను ఒట్టు తప్పితే, అక్కడ ఆయనకేమైనా అయితే?"

నవ్వుతాడేమోనని భయపడింది. అతను నవ్వలేదు.

"ఆయన్నే అడగండి."

"పాడైందని తెలిస్తే తట్టుకోలేరు."

"మీ నాన్నగారి గురించి నాకేం తెలియదు. కానీ సరుకు చెడిపోయిన సంగతి దాచిపెడితే ఏ మార్కెట్ మనిషికైనా ఎక్కువ కోపమొస్తుందండీ."

ఆమె ఫోన్ తీసింది. రాసింది, చెరిపింది, మళ్ళీ రాసింది. 'నాన్నా, లాప్‌టాప్ పాడైంది. కాపీ తీస్తేనే నీ గొంతు దక్కుతుంది. ఒట్టు ఏం చెయ్యను?' అని పంపి కళ్ళు మూసుకుంది.

ఆయన టైప్ చేస్తున్నట్టు చుక్కలు కదిలాయి. ఆగిపోయాయి. నాలుగు నిమిషాలు గడిచాయి. ఆసుపత్రి గదిలో ఆయన ఛాతీ పట్టుకున్నట్టు, అక్క నర్సు కోసం పరుగెడుతున్నట్టు ఆమెకి రకరకాలుగా కనిపించింది. చుక్కలు మళ్ళీ కదిలాయి.

'ఒట్టు తీసి గట్టు మీద పెట్టు. పొద్దుటినుంచి ఏమైనా తిన్నావా?'

ఆమెకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. డిస్కు తగిలించింది.

నూటపది వాక్యాలు డిస్కులోకి చేరాయి. నూటతొంభై. మూడువందల ఎనభై దగ్గర స్క్రీన్ ఆరిపోయింది. ఆమె కుర్చీ అంచు పట్టుకుంది. "ఊపిరి తీసుకోండి," అన్నాడతను. "లే నాన్నా, లే. ఇంకాస్తే ఉంది," అని బోర్డుని బుజ్జగించి, చల్లబడేదాకా ఆగి మళ్ళీ నొక్కాడు. లేచింది. నాలుగువందల ముప్పై.

అతని వేళ్ళు ఎర్రబడి, కొసలు తెల్లబారాయి. ఆమె చున్నీ చివర మడిచి, అతని వేళ్ళకీ ఐసుకీ మధ్య పెట్టింది.

"దీనికి రూలు ఒప్పుకుంటుందా?" అంది.

"ఈ రూలు ఇంకా ఎవరూ రాయలేదు లెండి," అన్నాడు బోర్డు మీంచి కళ్ళెత్తకుండా. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఆరువందల పన్నెండు వచ్చింది. తర్వాత ఆరువందల పదమూడు అని పడింది.

"ఇది నేను రికార్డు చేసింది కాదు," అందామె భయంగా.

"తర్వాత వినండి. ముందు రానివ్వండి."

అదీ వచ్చింది. ఒక నిమిషానికి స్క్రీన్ ఆరిపోయింది. ఈసారి ఎంత బుజ్జగించినా లేవలేదు. గోడ గడియారం చూస్తే పరీక్షకిచ్చిన నలభై నిమిషాల్లో ఇంకా మూడు మిగిలాయి.

ల్యాబ్ వాళ్ళు గొంతు తయారుచెయ్యడానికి మూడు రోజులడిగారు. లాప్‌టాప్ మాత్రం 'యజమాని ఒప్పుదల రావాలి' అనే చీటీతో సర్వీస్ సెంటర్ అరలోనే ఉండిపోయింది. ఏమైనా తెలిసిందా అని అడగడానికి ఆమె రోజూ వచ్చేది. తెలియడానికేముంది, ఒప్పుదల చెప్పాల్సింది వాళ్ళ నాన్నే కదా. అది ఆమెకీ తెలుసు, అతనికీ తెలుసు. అయినా రోజూ ఆమె అడిగేది, అతను అర తెరిచి చూసి "లేదండీ" అనేవాడు. తర్వాత ఇద్దరూ రేకు కింద నిలబడి, వాన తగ్గేదాకా కాఫీ తాగేవారు. ఒకరోజు వాన లేకపోయినా అక్కడే నిలబడ్డారు.

రెండో రోజు ల్యాబ్‌లో ఆమె ఒక్కతే కూర్చుని ఆరువందల పదమూడు వింది. విన్నాక భయం తగ్గకపోగా రెట్టింపైంది. ఇప్పటిదాకా పోతుందేమోనన్న భయం, ఇప్పుడు చెప్పాలేమోనన్న భయం. అతనితో ఆ మాట ఎత్తలేదు.

ఐదో రోజు సాయంత్రం విమానం. మధ్యాహ్నం పెట్టెతో సహా సర్వీస్ సెంటర్‌కి వచ్చింది. జనం కిటకిటలాడుతున్నారు. అతను కంపెనీ లైన్‌కి నాన్న ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాడు. ల్యాబ్ ఇచ్చిన గొంతు పొద్దున్నే నాన్న ఫోన్‌లోకి చేరింది. దాన్ని నెట్‌లో పంపమని ఈసారి ఆయనే అన్నాడు.

"డేటా పోయినా మీకు సమ్మతమేనా సర్?" అంది లైన్‌లో ఆవిడ.

అవతల నాన్న టైప్ చేసుకోవాలి కదా. అతను ఆమెనే చూస్తున్నాడు. ఆమె కౌంటర్ అంచు గట్టిగా పట్టుకుంది. గొంతు రాకపోతే? వచ్చినా అది నాన్నది కాకపోతే?

"సమ్మతమే," అంది నాన్న గొంతు.

అదే గరుకు, అదే చివర్లో చిన్న విరుపు. ఆమె కళ్ళల్లో నీళ్ళు ధారగా కారాయి.

"కొంచెం గట్టిగా చెప్పండి సర్."

"గొంతు కొత్తదమ్మా. అలవాటు కానివ్వు. సమ్మతమే."

లైన్ పెట్టేశాక అతను రసీదు ఆమె ముందు పెట్టాడు. "వారంలో బాగవుతుంది. మీ ఊరికే పంపిస్తాను. ఇక మీరిక్కడికి రావాల్సిన పని లేదండీ," అన్నాడు, రసీదు వదలకుండా.

"ఉంది," అంది ఆమె. ఫోన్ తీసి కౌంటర్ మీద పెట్టి, ఆరువందల పదమూడు నొక్కింది.

ఈసారిది తయారుచేసింది కాదు, అసలు గొంతు. బొంతలు కట్టిన గదిలో ఆయన ఒక్కడే కూర్చుని రికార్డు చేసుకున్నది.

"మా చిన్నది ఎప్పుడో ఒకరోజు ఎవరినో తీసుకొస్తుంది. అప్పటికి నాకీ గొంతు ఉండదు కాబట్టి ఇప్పుడే చెప్తున్నా. బాబూ, నువ్వెవరో నాకు తెలియదు. దానికి భయమెక్కువ. భయపడినప్పుడు పక్కన నిలబడే మనిషివైతే చాలు, మిగతావి చూసుకుందాం. నా అభ్యంతరాలన్నీ వేలానికి పెడుతున్నాను. ఒకటోసారి. రెండోసారి."

కాసేపు ఆయన ఊపిరి మాత్రం వినిపించింది.

"మూడోసారి నేను అనను. అది నువ్వే అనాలి, అమ్మా. గట్టిగా."

ఫోన్ ఆగిపోయింది. అతను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకోవడం మర్చిపోయాడు. చుట్టూ టోకెన్లు పట్టుకుని ముప్పైమంది ఉన్నారు.

"మూడోసారి," అంది.

అతనికే వినపడనంత మెల్లగా వచ్చింది. ఆమె ఊపిరి పీల్చుకుంది. వేలంపాట పాడే మనిషి కూతురు తలెత్తింది.

"మూడోసారి!"

గదిలో ఉన్న ముప్పైమందీ తలలు తిప్పి చూశారు.