పాటలమ్మ పక్కన ఎవరూ కూర్చోలేదు

“ఇవాళొద్దులే... ఇంకో వారం చూద్దాం!” అన్నాడు భర్త, చెప్పులేసుకుంటున్న ఆమె వైపు చూడకుండానే.

ఇంకెన్ని వారాలు? గర్భసంచిలో క్యాన్సరని తేలినప్పటి నుంచీ ఇదే వరస! ముందు ఆపరేషన్ కానివ్వు, తర్వాత రేడియేషన్ కానివ్వు అంటూ ఆమెను ప్రార్థన మందిరానికి వెళ్లనివ్వలేదు. కాపురానికి వచ్చిన కొత్త నుంచీ అక్కడ ఆమె గొంతు అందరికంటే ముందు లేచేది. వీధి వీధంతా ఆమె అసలు పేరు మరిచిపోయి ‘పాటలమ్మ’ అనేవాళ్లు. పగలంతా కుట్టుమిషన్ ముందు వంగి బడిపిల్లల యూనిఫారాలు కుట్టినా, సాయంత్రం అక్కడ నోరు విప్పితే నడుంనొప్పి ఇట్టే ఎగిరిపోయేది. ఇప్పుడు ఒంట్లోంచే కాదు, మనసులోంచి కూడా ఏదో కోసి తీసేసినట్టుంది... దేవుణ్ణి నిలదీసి అడగాల్సిన మాట ఒకటి గొంతులో ముల్లులా గుచ్చుకుంటోంది!

“నేను వెళ్లొస్తానండీ,” అంటూ గడప దాటేసింది.

మందిరంలో ముందు వరసలో, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది. ఒక పక్కావిడ “బాగున్నావా?” అని పలకరించి, ఫ్యాను గాలి తగలడం లేదంటూ లేచి వెళ్లిపోయింది. రెండో పక్కావిడ సంచీ సర్దుకుంటున్నట్టే సర్దుకుంటూ వెనక వరసలోకి జారుకుంది. పాట మొదలైంది. పాటలమ్మకు పెదవి విప్పబుద్ధి కాలేదు.

ప్రార్థన అయ్యాక, పాటలు నడిపించే పెద్దావిడ ఆమెను బయటికి తీసుకొచ్చింది.

“ఏమీ అనుకోకమ్మా... నువ్వొస్తే ఎలాగోలా సర్దిచెప్పి పంపించమని మీ ఆయనే వచ్చి చెప్పారు. ఆ స్రావం... ఆ వాసన... నలుగురిలో నువ్వు చులకనవుతావని ఆయన బాధ! అలాంటి మొగుడు దొరకడం నీ అదృష్టం!”

అదృష్టమే! ఆ మాట ఆసుపత్రిలో కూడా అందరూ అన్నారు. బస్సు కండక్టరు ఉద్యోగానికి సెలవులు పెట్టి తిప్పాడు, వేళకు మందులిచ్చాడు. కానీ ఆపరేషనై ఇంటికొచ్చిన రోజు నుంచీ ఆయన పడక ముందుగదిలోకి మారిపోయింది. “నీకు ఇబ్బంది కదా” అన్నాడు. ఆమె ఇంకేమీ కోరలేదే... నిద్రపట్టక మూలుగుతుంటే ఒక్కసారి వీపు మీద చెయ్యేస్తే చాలనుకుంది!

ఇంటికొచ్చి సూటిగా అడిగింది.

“నా దగ్గర వాసనొస్తోందని ఊరంతా చెప్పొచ్చారా?”

“ఊరంతా ఏంటి... నీ మంచికే కదా! రేపు వాళ్లే నీ మొహం మీద అంటే?”

“వాళ్లు అనక ముందే మీరు అన్నారు! నాతో అనుంటే తలుపేసుకుని ఏడ్చుకునేదాన్ని. నాకు మిగిలింది ఆ ఒక్క చోటండీ... అదీ లేకుండా చేశారు!”



ఆమె వంటింట్లోకి వెళ్లి నేల మీద కూలబడింది. ఆ అలికిడికి అత్తగారు గోడ పట్టుకుంటూ వచ్చింది. ఆవిడ నోరు మంచిది కాదు, ఇన్నేళ్లలో కోడల్ని మెచ్చుకున్న పాపాన పోలేదు. అలాంటి మనిషి మోకాళ్లు పట్టేసినా మూలుగుతూనే కిందికి వంగి, కోడలి భుజానికి భుజం ఆనేలా కూర్చుంది.

“వాసనొస్తుంది అత్తయ్యా... దూరంగా జరగండి!”

“ముగ్గుర్ని కని పెంచినదాన్ని, నాకు తెలియని వాసనలేంటే?”

కోడలు బావురుమంది. “నేనేం పాపం చేశానని నాకీ శిక్ష?”

“పాపమా! నీకు పాపం చేసే తీరికెక్కడిదే పిచ్చిదానా? పొద్దున లేస్తే ఆ మిషనూ, మా వంటా!” అంటూ కొంగుతో కోడలి మొహం తుడిచింది. “దేవుణ్ణి అడుగు. తిట్టాలనిపిస్తే తిట్టు. పైకే తిట్టు, నేనూ వింటాను.”

అడిగింది. పిల్లల్ని మోసిన చోటే ఎందుకు కుళ్లబెట్టావని అడిగింది. చావంటే భయంగా ఉందని, ఇంతవరకూ ఎవరితోనూ అనని మాట, పైకి అనేసింది... అత్తగారు ధైర్యం చెప్పలేదు. వీపు నిమురుతూ ఊఁ కొడుతూ ఉండిపోయింది.

తలుపు దగ్గర భర్త నిలబడ్డాడు. కళ్లు తుడుచుకుంటున్నాడు. లోపలికి అడుగు వేయబోయి ఆగి, భార్య పిలుస్తుందేమోనని చూశాడు.

ఆమె చూసింది. కోపం రాలేదు. జాలి కూడా కలిగింది. కానీ రమ్మనడానికి మాత్రం నోరు రాలేదు... అత్తగారి ఒళ్లో తల పెట్టుకుని, మెల్లగా గోడ వైపు తిరిగి పడుకుంది.