ఐసు గదిలో దరువు

మా వీధి చివర మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ ఒకటుంది. చీకటి పడ్డాక దాని ముందు ఈల వేయకూడదు. పాట పాడకూడదు. కూనిరాగం కూడా తీయకూడదు... తీస్తే లోపలి నుంచి ఎవరో దరువు వేస్తారు.

టక్... టక్... టక్ టక్.

ఎలుకలన్నారు కొందరు. పాత గొట్టాలు చల్లబడుతుంటే వచ్చే చప్పుడన్నారు ఇంకొందరు. అలా అన్నవాళ్ళలో ఒక్కడూ రాత్రిపూట వెళ్ళి చూసిన పాపాన పోలేదు.

మా సెలూను ఆయన ఒకసారి షాపు మూసి, హుషారుగా ఈల వేసుకుంటూ ఆ గోడ పక్కగా నడిచాడట. నాలుగడుగులు వేశాడో లేదో లోపల దరువు మొదలైంది. ఈల ఆపాడు — అదీ ఆగింది. గుండె చిక్కబట్టుకుని మళ్ళీ చిన్నగా ఈల వేశాడు...

టక్.

అంతే! ఆ పరుగు ఆయన ఇంటి దగ్గర ఆగాల్సింది, కంగారులో మా ఇంటి దగ్గర ఆగింది. మంచినీళ్ళు తాగించి నేనే దింపి వచ్చాను. ఆ తర్వాత చాలా రోజులు ఆయన సెలూన్లో రేడియో కూడా పెట్టలేదు.

అలాంటి చోటికి, వీధంతా సద్దుమణిగాక, మా బావ ఒక పిల్లనీ ఒక ఫిడేలునీ వెంటబెట్టుకుని వెళ్ళాడు. ఇదంతా ఆయన చెప్పగా నేను విన్నదే. మా బావ మాటల్లో సగం తీసేసి వినాలని మా ఇంట్లో ఒక లెక్క ఉంది గానీ, ఇందులో మాత్రం ఏమీ తీసేయకండి.

బావంటే మా అక్క మొగుడు. మైకుసెట్టు అద్దెకిస్తాడు. పెళ్ళయినా, మీటింగయినా, పర్సు పోయిందన్న ప్రకటనయినా ఆయన హారన్లు మోగాల్సిందే. ఆ పనిలో ఆయనకో పట్టింపు ఉంది. పని పూర్తయ్యేదాకా యాంప్లిఫయరుకున్న తీగ ఒక్కటి కూడా పీకడు. పీకితే అరిష్టమట.

ఇక ఫిడేలు పిల్ల. మందుల షాపావిడ కూతురు. నోట్లోంచి మాట గట్టిగా రాదు, నడిస్తే చప్పుడుండదు, అందుకని అందరం చీమ అంటాం. ఒకరోజు బావ తలనొప్పి బిళ్ళ కోసం ఆ షాపుకి వెళితే, వెనక గదిలోంచి ఫిడేలు వినిపించింది. తను కట్టుకున్న బాణీ, తనకోసమే వాయించుకుంటోంది. బిళ్ళ కోసం వెళ్ళిన మనిషి బిళ్ళ కొనకుండానే తిరిగొచ్చాడు. వచ్చి మా అరుగు మీద కూర్చుని, "ఒరేయ్ బావమరిదీ, మన వీధిలో ఇంత విద్య పెట్టుకుని మనం చెవిటివాళ్ళలా బతికేశాం రా!" అని కళ్ళు తుడుచుకున్నాడు.

అప్పట్నించీ ఆయనకి అదే పిచ్చి. ఎవరి పెళ్ళిలో మైకు పట్టుకున్నా చీమ ఊసే. పర్సు పోయిందన్న ప్రకటన చివర కూడా, "పర్సు దొరికినవారు దయచేసి తెచ్చివ్వండి, మన వీధి పిల్ల ఫిడేలు త్వరలో వినండి" అనేవాడు. పట్నంలో క్యాసెట్ల కంపెనీ ఆయన గుమ్మాన్ని బావ పట్టుకుని వదలకపోతే, పాపం ఆ కంపెనీ ఆయన విసిగిపోయి, "సరే, నాలుగు బాణీలు రికార్డు చేసి సోమవారానికల్లా పంపు, చూద్దాం" అన్నాడు.

చిక్కంతా ఇక్కడే వచ్చింది. ఎదురుగా మనిషి కనిపిస్తే చాలు, చీమ చేతిలో కమాను వణుకుతుంది. ఫిడేలు పాడటం మానేసి మూలుగుతుంది. బావ షాపులో ప్రయత్నించారు — కిటికీలోంచి ఎవరో తొంగి చూశారు. వాళ్ళింట్లో ప్రయత్నించారు — పాలాయన తలుపు తట్టాడు. రెండుసార్లూ పిల్ల ఏడ్చింది. చివరికి వాళ్ళమ్మే అంది, "ఇంకొక్కసారి. ఈసారి కూడా ఇలాగే అయితే ఫిడేలు అటక ఎక్కించేస్తాను. నువ్వు ఏడుస్తుంటే చూసే ఓపిక నాకు లేదే తల్లీ."

మనుషులెవరూ రాని చోటు కావాలి. చప్పుడు లేని చోటు కావాలి. ఆ వారం ఐసు ఫ్యాక్టరీ పక్కనున్న బడి మైదానంలో ఆటల పోటీలు, మైకుసెట్టు మన బావదే. యాంప్లిఫయరు వేడెక్కకుండా ఉంటుందని పొద్దున్నే దాన్ని ఐసు గదిలో పెట్టుకున్నాడు. పగలు దెయ్యాలుండవని ఆయన ధైర్యం. ఆ గది గోడలు జానెడు మందం, లోపలంతా రంపపు పొట్టు కూరారు. తలుపు మూస్తే బయట పిడుగు పడ్డా తెలియదు. ఒకసారి చప్పట్లు కొట్టి చూసుకున్నాడట — ఆ చప్పుడు గది చుట్టూ తిరిగి, మెత్తగా వచ్చి చెవిలో వాలింది. ఇంకేముంది, ఇదే చోటు అనుకున్నాడు. అప్పుడాయనకి దెయ్యం గుర్తు రాలేదు. రాత్రి తలుపు తీసేటప్పుడు గుర్తొచ్చింది.

మా అక్కతో, మైదానంలో సామాన్లకి కాపలా పడుకుంటానని అబద్ధం చెప్పాడు. చీమ వాళ్ళమ్మతో, బడి గదిలో రికార్డింగని చెప్పాడు.

లోపల ఒక చిన్న బల్బు. మూలల్లో చీకటి. తలుపు మూసుకున్న చప్పుడు... ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

చీమ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, గుసగుసగా అంది:

"మావయ్యా... మీరు కూడా గోడ వైపు తిరగండి."

"రికార్డరు చూసుకోవద్దుటే?"

"చెవులతో చూసుకోండి."

సరేనని బావ రికార్డరు ఒళ్ళో పెట్టుకుని గోడకేసి తిరిగాడు. చీకటి గదిలో, దెయ్యం కొంపలో, వీపు తిప్పుకుని కూర్చోవడం ఎలా ఉంటుందో ఒకసారి మీరే ఊహించుకోండి. అలవాటు చొప్పున, యాంప్లిఫయరుకి తగిలించిన మైకు దగ్గరికి లాక్కుని, గొంతు బాగా తగ్గించి, "హలో... హలో..." అన్నాడు. తన గొంతు తనకే భయం వేసింది. ఊరుకోలేక మైకులోనే ప్రార్థన మొదలుపెట్టాడు.

"అయ్యా... అమ్మా... మీరెవరో నాకు తెలియదు. ఈ ఒక్క రాత్రికి సర్దుకోండి. పిల్ల బతుకు దీని మీద ఉంది. కోపమొస్తే నా మీద చూపించండి... పిల్ల జోలికి రాకండి. నిజం చెప్పమంటే... మీరంటే నాకు అంత భయం లేదు. మా ఆవిడంటేనే భయం. నేనిక్కడున్నట్టు ఆవిడకి మాత్రం తెలియనివ్వకండి..."

వెనక చీమ కిసుక్కున నవ్వింది. ఆ నవ్వుతోనే కమాను ఎత్తింది.

మొదటి బాణీ ఎక్కడా తొట్రుపడకుండా సాగింది. బావ ఒళ్ళు పులకరించి, దెయ్యం సంగతే మరిచిపోయాడు. రెండో దాంట్లో ఒక గడ్డు చోటుంది. నెమ్మదిగా నడుస్తున్న బాణీ ఒక్కసారిగా పరుగందుకోవాలి. సరిగ్గా అక్కడికొచ్చేసరికి — కమాను వణికింది. ఫిడేలు ఆగిపోయింది.



"మావయ్యా... ఎవరో వింటున్నట్టుంది."

"ఎవరుంటారు అమ్మడూ? మనమిద్దరమేగా..." అన్నాడు గానీ, గోడ మీది నుంచి చూపు మాత్రం తిప్పలేదు.

"నా వల్ల కాదేమో. అమ్మ చెప్పినట్టే... అటక మీద పెట్టేస్తాను."

జీవితంలో మొదటిసారి మైకు ముందు మాట రాలేదంటాడు బావ. అంతలో —

టక్...

టక్... టక్ టక్.

ఎంతో నెమ్మదిగా, నీ కోసం ఆగుతాను రా అన్నట్టుగా. బావ గట్టిగా ఊపిరి వదిలాడు. పిల్ల ధైర్యం తెచ్చుకుని కాలితో దరువు వేసుకుంటోంది కాబోలు అనుకున్నాడు. ఆ దరువు మీదికే ఫిడేలు వచ్చి చేరింది. గడ్డు చోటు దగ్గర దరువు వేగం పెంచింది — వెనకే ఫిడేలు పరుగందుకుంది... దాటేసింది! ఇక ఆగలేదు. మూడోది, నాలుగోది కూడా కలిసే పరుగులు తీశాయి. ఆఖరి బాణీ అయ్యేసరికి బావ గోడకి ముఖం ఆనించి ఏడుస్తున్నాడు.

రికార్డరూ మైకూ ఆపి, ముక్కు తుడుచుకుని, ఇటు తిరిగాడు.

"అమ్మడూ, అదరగొట్టావే! ఆ కాలి దరువయితే..."

"నా కాలా?" చీమ తన మడిచిన కాళ్ళవైపు చూసుకుంది. "బాసింపట్టు వేసుకున్నాను కదా మావయ్యా. మీరే చేత్తో కొడుతున్నారనుకున్నాను..."

"నా చేతులు... రెండూ రికార్డరు మీదే ఉన్నాయే..."

ఇద్దరూ మూలనున్న చీకటి వైపు చూశారు.

చీమ ఫిడేలు చంకన పెట్టుకుంది. బావ రికార్డరు చంకన పెట్టుకున్నాడు. ఎవరు ముందు లేచారో ఇద్దరికీ గుర్తులేదు. తలుపు తోసుకుని, ముందు గది దాటి, బయటి గుమ్మంలోకి వచ్చి పడ్డారు. అక్కడ...

చీకట్లో తెల్లటి ఆకారాలు. గోడ పొడవునా, మైదానం దాకా. కదలకుండా, మెదలకుండా నిలబడి, వీళ్ళవైపే చూస్తున్నాయి.

బావ కెవ్వున అరిచి గుమ్మంలోనే చతికిలబడ్డాడు.

ఇంతవరకూ ఆయన చెప్పింది. ఇక్కడి నుంచి నేను చెబుతాను. ఎందుకంటే ఆ తెల్లటి ఆకారాల్లో, బనీనుతో, దుప్పటి కప్పుకుని నేనూ ఉన్నాను.

హారన్ల తీగలు పీకలేదు కదండీ మహానుభావుడు! ఆటల పోటీ ఇంకో రోజుంది, అంటే ఆయన లెక్కలో పని పూర్తి కాలేదు. మైకు ఆపేదాకా గదిలో గుసగుసలాడిన ప్రతి మాటా మైదానం స్తంభాల మీది హారన్లలోంచి వీధంతా వినిపించింది. నేను మంచి నిద్రలో ఉండగా చీకట్లోంచి ఎవరో, "హలో... హలో..." అన్నారు. పైప్రాణాలు పైనే పోయాయనుకున్నాను. తర్వాత, "మా ఆవిడంటేనే భయం" అన్న మాట వినిపించింది. ఆ వెంటనే పక్కింటి తలుపు ధడాల్న తెరుచుకుంది. మా అక్క.

దెయ్యమైనా సరే, మొగుడైనా సరే, ఇవాళ తేల్చేస్తానన్నట్టు నడుస్తోంది. ఆవిడ వెనక నేను. సగం దూరం వెళ్ళామో లేదో ఫిడేలు మొదలైంది. అక్క నడివీధిలో ఆగిపోయింది. తలుపులు ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి. దుప్పట్లు కప్పుకుని జనం బయటికొస్తుంటే అక్క నోటి మీద వేలు పెట్టి అందరినీ గద్దించింది. "ఒక్కరు దగ్గినా ఊరుకోను. ఎవరైనా వింటున్నారని తెలిస్తే ఆ పిల్ల ఆపేస్తుంది." యాంప్లిఫయరు ఐసు గదిలో ఉందని తెలుసు గనక, అందరం చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చి ఫ్యాక్టరీ ముందు నిలబడ్డాం. సెలూను ఆయన కూడా వచ్చాడు, నా చెయ్యి వదలకుండా.

ఫిడేలు ఆగిపోయి, అటక మీద పెట్టేస్తానని పిల్ల అన్న మాట హారన్లో వినిపించినప్పుడు మందుల షాపావిడ కొంగు నోట్లో కుక్కుకుంది. మా అక్క ఆవిడ భుజం పట్టుకుంది. అంతమంది ఉన్నాం, ఒక్కరు ఊపిరి తీస్తే ఒట్టు.

అందుకే బావ కెవ్వుమనగానే, పట్టి ఉంచినదంతా ఒక్కసారి వదిలేశాం. చప్పట్లు! ఈలలు! పాలాయన తన క్యాను మీద వాయించేశాడు. చీమ గుమ్మంలో నోరు తెరుచుకుని నిలబడింది.

"అందరూ... విన్నారా?"

"హలో దగ్గర్నుంచీ!" అని అరిచాను నేను.

పిల్ల మమ్మల్ని చూసింది, తన చేతిని చూసుకుంది. అది వణకడం లేదు. పకపకా నవ్వడం మొదలుపెట్టింది, ఇక ఆపలేకపోయింది. వాళ్ళమ్మ వచ్చి ఫిడేలుతో సహా కావలించుకుని, "మనింటి అటక మీద చోటు లేదులే" అంది, ఏడుస్తూ.

అక్క బావ ముందు నిలబడి, "లేవండి. ఎవరంటే భయమన్నారూ?" అంది. బావ లేవడానికి నా సాయం అడిగాడు. నేను చెయ్యలేదు.

ఆ సందడి మధ్యలో ఎవరో అన్నారు, "ఫిడేలు సరే, దరువు వేసినాయన్ని కూడా బయటికి పిలవండయ్యా, చప్పట్లు కొడతాం."

చీమ, బావ ముఖాలు చూసుకున్నారు. లోపల ఇంకెవరూ లేరని బావ చెప్పడం పూర్తి కాకముందే సెలూను ఆయన చెయ్యి నా చేతిలో లేదు. మనిషే లేడు.

క్యాసెట్టు పట్నం వెళ్ళింది. కంపెనీ ఆయన ఫోన్లో ఎగిరి గంతేసినంత పని చేశాడు. "ఫిడేలు బంగారం! దరువు ఇంకా బంగారం. ఆయన పేరు చెప్పండి, అట్ట మీద వేయాలి." బావ నీళ్ళు నమిలి, "కనుక్కుని చెబుతానండీ" అన్నాడు.

కనుక్కోవడానికి పట్టపగలే వెళ్ళాం. ఐసు గది గుమ్మంలో బావ, ఆయన చొక్కా పట్టుకుని నేను, మా వెనక చీమ.

"అయ్యా..." బావ గొంతు పీలగా వచ్చింది. "అట్ట మీద... పేరేమని వేయించమంటారు?"

లోపల చీకటి. ఏమీ లేదు. హమ్మయ్య, ఎలుకలే అయి ఉంటాయని నేను నవ్వబోయాను. అప్పుడు మా వెనక చీమ ఆ గడ్డు చోటుని మెల్లగా ఈల వేసింది.

టక్... టక్... టక్ టక్.

వీధి మొదటికొచ్చాక గానీ బావా నేనూ ఆగలేదు. రొప్పుతూ వెనక్కి తిరిగి చూశాం. చీమ మాతో రాలేదు. అక్కడే గుమ్మంలో కూర్చుని ఈల వేస్తోంది. లోపలి నుంచి దరువు పడుతూనే ఉంది.

ఆ క్యాసెట్టు మా ఇంట్లో ఉంది, కావాలంటే అట్ట చూపిస్తాను. ఫిడేలు దగ్గర చీమ అసలు పేరు ఉంటుంది. రికార్డింగు దగ్గర మా బావ పేరు, ఆయన పట్టుబట్టాడు గనక కొంచెం పెద్ద అక్షరాల్లో. దాని కింద, దరువు దగ్గర, చీమ చెప్పినట్టే అచ్చు వేశారు — "ఐసు గది తాతయ్య."

ఆయన తాతయ్యేనని నీకెలా తెలుసే అని అడిగితే మాత్రం, ఆ పిల్ల నవ్వి ఊరుకుంటుంది.