ఎవరూ చూడని కౌబాయ్ సినిమా

“కౌబాయ్ సినిమానా? గుర్రం, టోపీ, తుపాకీ. ఇంకేముంటుంది ఎవరెట్?” అంది డెలియా, కుర్చీలో వెనక్కి వాలి.

లైబ్రరీ గదిలో ఉన్న సినిమా క్లబ్ వాళ్ళందరూ పకపకా నవ్వారు. మా కానబ్ ఊరి చుట్టూ ఉన్న ఎర్ర కొండల్లో ఇలాంటి సినిమాలు ఎన్ని తీశారంటే, వాటి పేరెత్తితేనే ఊళ్ళోవాళ్ళకి మొహం మొత్తుతుంది.

“ఇందులో తుపాకీ ఒక్కసారే పేలుతుంది,” అన్నాను. “తన బావిని వదిలి పోనని మొండికేసిన ఓ ఆడమనిషి కథ. విడుదలైన వారానికే హాళ్ళలోంచి తీసేశారు.”

“బాగుండక తీసేసుంటారు.”

“సగం చూడు. విసుగొస్తే లేచి వెళ్ళిపో.”

“వెళ్తా. నీ మొహం మీదే తలుపేసి మరీ వెళ్తా!”

మాట కటువుగా ఉన్నా కళ్ళు నవ్వుతున్నాయి. ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు.

శనివారం మధ్యాహ్నం లైబ్రరీ బయట వాన. తెర మీద బొమ్మ మొదలైంది. ముందు వరసలో కూర్చున్న డెలియా కాసేపటికి పాప్‌కార్న్ నమలడం మానేసింది. నేను సినిమా చూడటం లేదు. ఆమెనే చూస్తున్నాను.

తెర మీద ఒక రౌతు నిటారుగా ఉన్న కొండవాలు మీంచి గుర్రాన్ని దూకించాడు. గుర్రం కాలు జారింది. ఇద్దరూ కలిసి దొర్లారు.

“ఆపు!”

డెలియా లేచి నిలబడింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఎవరో లైట్లు వేశారు.

“అది మా నాన్న. మొహం కనపడకపోతేనేం? ఎడమ భుజం ఎత్తి కూర్చోవడం నాకు తెలీదా?”

వాళ్ళ నాన్న వెర్నన్ హ్యాచ్ ఒకప్పుడు హీరోలకి డూపు. షూటింగులో నడుం విరిగి, ఇప్పుడు కర్ర లేనిదే అడుగు వెయ్యలేడు. అది ఊరందరికీ తెలుసు. ఏ సినిమాలోనో మాత్రం ఎవరికీ తెలీదు.

“తెలిసే వేశావు కదూ? మా నాన్న పడుతుంటే జనం చప్పట్లు కొట్టాలనా?”

“ఒట్టు డెలియా, నాకు...”

ఆమె వినలేదు. వానలోకి నడిచి వెళ్ళిపోయింది.

మర్నాడు వాళ్ళింటి తలుపు తట్టాను. వెర్నన్ తలుపు తీశాడు. తడబడుతూ జరిగిందంతా చెప్పాను.

ఆయన కర్ర మీదికి వాలాడు. “ఆ సినిమా నేనెప్పుడూ చూళ్ళేదు,” అన్నాడు. “నాకు చూపిస్తావా అబ్బాయ్?”

“నాన్నా, వద్దు!” డెలియా వంటగదిలోంచి పరిగెత్తుకొచ్చింది. “గుర్రం కనిపిస్తేనే టీవీ కట్టేసేవాడివి. తట్టుకోలేవు.”

“నువ్వు ఏడుస్తావని కట్టేసేవాణ్ణమ్మా.”

డెలియా పక్కకి తప్పుకుని నాకు దారిచ్చింది.

జేబులో ఉన్న సినిమా డిస్కు తీసి వాళ్ళ టీవీలో పెట్టాను. ముగ్గురం కూర్చున్నాం. కొండవాలు దృశ్యం దగ్గరపడే కొద్దీ డెలియా వేళ్ళు నా మణికట్టుని బిగించేశాయి. ఆమెకా సంగతే తెలీదు. గుర్రం జారింది. వెర్నన్ ముందుకి వంగాడు.

“మళ్ళీ వెయ్యి.”

మళ్ళీ వేశాను.

“చూశావా? కింద బండరాయుంది. కళ్ళెం నా వైపుకి లాగాను. గుర్రం నా మీద పడింది. దానికి గీత కూడా పడలేదు.”

“ఇన్నాళ్ళూ చెప్పలేదేం నాన్నా?”

“అడిగితే కదా!” ఆయన కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగాడు. “మిగతాది కూడా వెయ్యి అబ్బాయ్. ఆ బావి ఆవిడ ఏమైందో చూడాలి.”

సినిమా అయ్యాక డెలియా నన్ను సాగనంపడానికి వరండాలోకి వచ్చింది.

“నిన్న నానా మాటలూ అన్నాను.”

“అన్నావు.”

“మాకెవరికీ నచ్చదని తెలిసీ ఇదే ఎందుకు పట్టుకొచ్చావు?”

“నచ్చితే బాగుందని ఇంటికెళ్ళిపోతావు. నచ్చకపోతే నాతో పోట్లాడతావు.” నేను వరండా మెట్లకేసి చూశాను. “నువ్వు పోట్లాడుతుంటే పొద్దస్తమానం వినాలనిపిస్తుంది.”

ఆమె నా వైపే చూసింది. నవ్వలేదు.

“ఇంత తిరకాసెందుకు? ప్రేమిస్తున్నానని చెప్పొచ్చుగా?”

“భయమేసింది.”

“నాకూ వేస్తోంది,” అంటూ డెలియా నా చెయ్యి పట్టుకుంది. ఈసారి తెలిసే పట్టుకుంది.

లోపల్నించి కర్ర చప్పుడు, వెనకే వెర్నన్ కేక. “డెలియా! ఆ అబ్బాయిని అప్పుడే పంపెయ్యకు. బల్ల మీద మూడో ప్లేటు పెట్టాను!”