పెయింటరు మూల మీద బోర్డు

ఆ వీధి మూలనున్న బిల్డింగు మీద కాకి కూడా వాలదు. పొరపాటున వాలినా, తప్పయిందని చెప్పి లేచిపోతుంది. షాపుల పేర్లు కుంచెతో రాసే పెయింటరొకడు అక్కడే నిచ్చెన మీంచి పడి ప్రాణం వదిలాడు, లైటు బోర్డులొచ్చి అతని పని మింగేసిన ఏడాదే. ప్రతి బోర్డు కింది మూలనా తోక మెలితిప్పి సంతకం చేసేవాడట. అతను పోయాక అక్కడ కరెంటు బోర్డు ఒక్కటీ బతకలేదు. విన్నది విన్నట్టే చెబుతున్నాను... మహా అయితే చిటికెడు ఉప్పు వేశానేమో.

ఆ బిల్డింగులో మందుల షాపు పెట్టారు. బోర్డు బిగించే మెకానిక్కి ఆ రాత్రే ఆఖరి అవకాశం. అంతకుముందు అతను బిగించిన రెండు బోర్డులూ వెలగలేదు.

"పొద్దున షట్టరెత్తేసరికి పేరు వెలగాలి," అన్నాడు అతని బోర్డుల షాపు యజమాని. "లేకపోతే ఇంక పనిలోకి రాకు."

మెకానిక్ నిచ్చెనెక్కి చూశాడు. కరెంటు వస్తోంది. తీగలు పీకి మళ్ళీ గుచ్చాడు. బోర్డుని నడిపే కార్డు మార్చాడు. ఫోనులో బోర్డు పొడుగూ వెడల్పూ మళ్ళీ నింపి, షాపు పేరు పంపాడు. 'చేరింది' అంది ఫోను.

బోర్డు మాత్రం నల్లగా... బండరాయిలా.

మళ్ళీ పంపాడు. మళ్ళీ. వేళ్ళు సగానికి అరిగాయి, చెమటకి నిచ్చెన కింద చెరువు కట్టింది. ఇంట్లో పిల్లలు కళ్ళముందు మెదిలారు. ఏడుపు ముంచుకొచ్చి, షాపు పేరు చెరిపేసి కొట్టాడు: 'దండం పెడతాను, వెలుగు.'

చేరింది.

కాసేపటికి బోర్డు వెలిగింది — ఎర్రగా. 'ఎవరు నువ్వు?'

"నేను కొట్టలేదే..." అని గొణిగాడు. నిచ్చెన గజగజలాడింది. అయినా పంపాడు: 'పిల్లలుగలవాణ్ణి, వదిలెయ్యి.'

చీకటి. చాలాసేపు చీకటే... తర్వాత ఒక్కో అక్షరం జరుగుతూ వచ్చింది —

'నాకూ ఉన్నారు. ఇద్దరు.'

పోయిన పెయింటరుకీ ఇద్దరే.

నిచ్చెన దిగాడో, ఎగిరాడో! బిల్డింగు వెనక్కి పరిగెత్తాడు. అటునుంచి తెల్లగా ఏదో దూసుకొచ్చి గుండెకి గుద్దుకుంది. రెండూ నేల మీద పడ్డాయి.

"చంపకు," అంది అది సన్నగా.

ఆ గొంతు... తోడల్లుడిది. పోటీ షాపులో ఇదే పని అతనిదీ. మామగారి టీవీ ఎవరు కాల్చేశారన్న గొడవతో ఇద్దరికీ ఏళ్ళుగా మాటల్లేవు.

"నువ్వా అన్నయ్యా?"

"నేనే తమ్ముడూ. నేనింకా ఏమీ పంపకముందే నా బట్టల షాపు బోర్డు మీద 'మందులు' అని మెరుస్తుంటే, పోయిన పెయింటరు మందడుగుతున్నాడనుకున్నా."

వెనకవైపు షాపుకి అతనూ బోర్డు బిగిస్తున్నాడు. ఫోను కార్డుని వెతుక్కునేది పేరుతోనే; రెండు కార్డులకీ కంపెనీ పెట్టిన పేరొకటే. మార్చాలని ఇద్దరికీ తోచలేదు. ఇతని ఫోను అతని బోర్డునీ, అతని ఫోను ఇతని బోర్డునీ పట్టుకుని కూర్చున్నాయి.

కార్డులకి చెరో పేరు పెట్టారు. రెండు బోర్డులూ ధగధగా వెలిగాయి. టీవీ గొడవ కూడా అక్కడే ఆరిపోయింది.

పొద్దున యజమాని వచ్చి తలెత్తి చూశాడు. "బాగుంది. ఈ పనిలో ఉంటావులే. కానీ సంతకం ఎందుకు పెట్టావు?"

మెకానిక్ చూశాడు. కింది మూలన చిన్న అక్షరాలు... తోక మెలితిరిగి, కుంచెతో లాగినట్టు.

ఫోను తీసి చూశాడు. పంపినదాంట్లో షాపు పేరొక్కటే ఉంది.

వెనకవైపు నడిచాడు. అక్కడ తోడల్లుడు నోరు తెరుచుకుని, తన బోర్డు కింది మూలకేసి చూస్తున్నాడు.